పిల్లల సర్ఫ్‌స్కేట్: బరువును బట్టి స్ప్రింగు, నేలను బట్టి చక్రం

సబ్బవరం సముద్రపుటొడ్డున ఉన్న ఊరు కాదు. విశాఖపట్నం నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు లోపలికి, తూర్పు కనుమల చెదురుమదురు కొండల నడుమ ఉన్న ఈ మండల కేంద్రంలో అల మీద నిలబడే ఆటను తలచుకోవడమే కొంత విడ్డూరంగా తోస్తుంది. అయితే ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వరకు ఆరు వరుసల జాతీయ రహదారి పడడం, దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికీ, పెట్రోలియం, ఇంధన విద్యా సంస్థకూ ఈ మండలమే చిరునామా కావడం, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి విడి జిల్లాగా ఏర్పడడం వంటి మార్పుల వెంట ఇక్కడి తోటలూ మెట్టపొలాలూ క్రమంగా వెంచర్లయ్యాయి. ఇళ్లు లేవకముందే రోడ్లు పడడం వెంచరు లక్షణం. ఆర్చి గేటు, సరిహద్దు రాళ్లు, వాటి మధ్య ముప్పై, నలభై అడుగుల వెడల్పున వాహనం తిరగని తారురోడ్డు లేదా సిమెంటు రోడ్డు ఉంటాయి, దాని మీద సాయంత్రం పూట సైకిళ్లు నేర్చుకునే పిల్లలు కనిపిస్తారు. నగరంలో స్కేటింగ్ చేసేవారికి అరుదైన ఈ ఖాళీ చదును నేల ఇక్కడ పుష్కలంగా ఉన్నందువల్ల, పిల్లలకు సర్ఫ్‌స్కేట్ కొనాలా, కొంటే ఎటువంటిది కొనాలి అన్న ప్రశ్న సబ్బవరం తల్లిదండ్రులకు అంత పరాయిదేమీ కాదు.

సర్ఫ్‌స్కేట్ అంటే చూపుకు మామూలు స్కేట్‌బోర్డే. నాలుగు చక్రాల మీద ఒక చెక్క. తేడా అంతా ముందు చక్రాల పైన ఉంటుంది. స్కేట్‌బోర్డులో చక్రాల ఇరుసును చెక్కకు బిగించే లోహపు భాగాన్ని ట్రక్ అంటారు. మామూలు బోర్డుకు ముందూ వెనకా ఒకే రకం ట్రక్కులుంటాయి, అవి కొద్దిపాటి మలుపుకే పరిమితం, కాబట్టి ఒక కాలితో నేలను తన్నుతూ ముందుకు పోవలసి ఉంటుంది. సర్ఫ్‌స్కేట్‌లో వెనక ట్రక్కు దాదాపు కదలకుండా ఆనికగా నిలుస్తుంది, ముందు ట్రక్కు మాత్రం బాగా పక్కకు తిరుగుతుంది. తొక్కేవారు మోకాళ్లు వంచి, భుజాలను, నడుమును ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ మెలితిప్పితే ఆ మెలిక నుంచే వేగం పుడుతుంది, కాలు నేలను తాకనక్కరలేదు. ఈ పద్ధతిని పంపింగ్ అంటారు. అల మీద సర్ఫింగ్ చేసేవారు వేగం తెచ్చుకునే తీరూ ఇదే.

స్కేట్‌బోర్డు మొదట పుట్టిందే సర్ఫింగ్ నుంచి. 1950ల కాలిఫోర్నియాలో అలలు లేని రోజుల్లో పొద్దుపోక చెక్కకు రోలర్ స్కేట్ చక్రాలు బిగించుకున్నవారి పని అది. 1970ల తొలినాళ్లలో ఫ్రాంక్ నాస్‌వర్తీ పాలియురిథేన్ చక్రాలను ఈ ఆటలోకి తెచ్చాక నేలను పట్టుకునే గుణం వచ్చి, ఆట స్వరూపం మారిపోయింది. తరువాతి దశాబ్దాల్లో స్కేట్‌బోర్డింగ్ మెట్లమీదికీ, ఇనుప కమ్ములమీదికీ ఎగబాకి సముద్రానికి దూరమైంది. 1990ల నడుమ కాలిఫోర్నియాలోని వెనిస్‌లో గ్రెగ్ ఫాక్, నీల్ కార్వర్ అనే ఇద్దరు సర్ఫర్లు దానిని తిరిగి అల దగ్గరికి తేవాలని స్ప్రింగుతో తిరిగే ముందు ట్రక్కును తయారు చేయగా, అదే కార్వర్ కంపెనీకి పునాది అయింది. ఆ తరువాత స్పెయిన్ నుంచి యో, ఆస్ట్రేలియా నుంచి స్మూత్‌స్టార్ వంటి కంపెనీలు తమ తమ ట్రక్కులతో వచ్చాయి. ఆసియాలో ఈ బోర్డు సంగతి ఇంటింటికీ తెలిసింది మాత్రం 2021లో థాయ్‌లాండ్‌లో. కోవిడ్ ఆంక్షల నడుమ బ్యాంకాక్ యువత ఒక్కసారిగా సర్ఫ్‌స్కేట్ల మీద పడి వీధుల్లోకి రాగా, వాహనాలు తిరిగే రోడ్ల మీద తొక్కవద్దని పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది. అలలతో పని లేకుండానే, ఎండావానా మనలాగే ఉండే నగరంలో ఈ ఆట పట్టుబడిందన్నది సబ్బవరానికి పనికివచ్చే సమాచారం. రోడ్డు మీది గొడవ కూడా అంతే పనికివస్తుంది.

బోర్డు ఎంపికలో మొదట చూడవలసినది ముందు ట్రక్కు. కొనుగోలుదారులు మాత్రం ఎక్కువగా చెక్క అడుగున వేసిన రంగుల బొమ్మను చూసి కొంటారు. ట్రక్కులు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో చెక్కకూ ఇరుసుకూ మధ్య ఒక అదనపు చేయి ఉండి, అది స్ప్రింగు బలంతో అటూ ఇటూ ఊగి, తిరిగి నడిమికి వస్తుంది. కార్వర్ సీ7 ఇందుకు పేరున్న ఉదాహరణ. రెండో రకంలో ఊగే చేయి ఉండదు. ట్రక్కు నడుమ ఉండే లావాటి బోల్టును కింగ్‌పిన్ అనీ, దాని చుట్టూ తొడిగే మెత్తటి పాలియురిథేన్ ఉంగరాలను బుష్‌లనీ అంటారు. ఈ కింగ్‌పిన్ వాలును మార్చడం వల్ల, బుష్‌లు నలగడం వల్ల మాత్రమే మలుపు వచ్చే కార్వర్ సీఎక్స్ వంటివి ఈ రెండో రకానివి. మొదటి రకం అలకు దగ్గరగా ఉండే లోతైన మలుపు ఇస్తుంది, బరువు ఎక్కువ, అలవాటు లేని కాలి కింద అదుపు తప్పినట్టనిపిస్తుంది. రెండోది తేలిక, నిలకడ ఎక్కువ, మలుపు కొంత తక్కువ.

పెద్దల విషయంలో ఈ రెంటి మధ్య ఎంపిక అభిరుచికి సంబంధించినది కావచ్చు గాని పిల్లల విషయంలో అది బరువుకు సంబంధించిన లెక్క. మార్కెట్లో ఉన్న సర్ఫ్‌స్కేట్ స్ప్రింగులూ బుష్‌లూ చాలావరకు అరవై, డెబ్బై కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని బిగించినవి. ఇరవై అయిదు కిలోల పిల్ల అదే బోర్డు మీద ఎంత వాలినా స్ప్రింగు లొంగదు, ఇరుసు తిరగదు. తిరగని బోర్డును తిప్పాలని పిల్ల నడుము దగ్గర వంగి, చేతులు విసిరి, చివరికి కాలితో తన్నుకుంటూ పోవడం మొదలుపెడుతుంది. అప్పుడు అది మామూలు స్కేట్‌బోర్డు కన్నా బరువైన, ఖరీదైన, అంతకన్నా పనికిరాని స్కేట్‌బోర్డు. పెరిగే పిల్లలు కదా అని యూనిఫాం రెండు సైజులు పెద్దది కుట్టించే అలవాటు మన ఇళ్లలో పాతదే. చొక్కా విషయంలో చేతులు మడిచి సర్దుకోవచ్చు. స్ప్రింగును మడవలేరు. ఒకప్పుడు నాన్న సైకిలు మీద బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన తరం పిల్లలు సైకిలు నేర్చుకోగలిగారంటే, సైకిలు బరువుకు కాక పెడలుకు లొంగుతుంది గనుక. ఈ బోర్డు లొంగేది బరువుకు మాత్రమే.

కాబట్టి ముప్పై కిలోలకు లోబడిన పిల్లలకు ఊగే చేయి ఉన్న ట్రక్కు కావాలంటే పిల్లల కోసమే తేలిక స్ప్రింగుతో చేసిన నమూనా వెతకాలి, లేదంటే బుష్‌లతో మాత్రమే పనిచేసే రెండో రకం తీసుకుని అందులో మెత్తటి బుష్‌లు వేయించుకోవాలి. రెండింటిలో రెండోదే మేలు. బుష్‌ల జత బోర్డు ధరలో చిన్న భాగం, బిడ్డ బరువు పెరిగేకొద్దీ గట్టివి మార్చుకోవచ్చు, విడిభాగం దొరకక బోర్డు మూలపడే ప్రమాదమూ తక్కువ. సరిపోయిందో లేదో తెలుసుకునే పరీక్ష సులువు. ఇంట్లో మందమైన తివాచీ మీదో, మడిచిన బొంత మీదో బోర్డును దొర్లకుండా పెట్టి, బిడ్డను ఎక్కించి, పెద్దవారెవరైనా చేతులు పట్టుకుని, ముందు మునివేళ్ల వైపు, తరువాత మడమల వైపు వాలమనాలి. చూడవలసినది బిడ్డ ముఖం కాదు, నేల మీద కూర్చుని ముందు ఇరుసును చూడాలి. చీలమండ, మోకాలి వంపుతోనే ఇరుసు స్పష్టంగా పక్కకు తిరిగి, బరువు తీయగానే మధ్యకు వస్తే ట్రక్కు సరిపోయినట్టు. నడుము వంచితే తప్ప కదలకపోతే కింగ్‌పిన్ నట్టును పావు చుట్టు వదులు చేసి మళ్లీ చూడాలి. బుష్ పైనున్న లోహపు బిళ్ల చేతితో తిప్పితే గిరగిరా తిరిగేంత వదులు చేసినా బోర్డు లొంగకపోతే ఆ బోర్డు ఆ బిడ్డది కాదు. తిరిగి పంపే గడువు ఉండగానే పంపేయడం మంచిది.

రెండో కొలత వీల్‌బేస్. ముందు ట్రక్కు లోపలి బోల్టు రంధ్రాలకూ వెనక ట్రక్కు లోపలి బోల్టు రంధ్రాలకూ మధ్య దూరాన్ని కంపెనీలు ఈ పేరుతో రాస్తాయి. చెక్క మొత్తం పొడవు కన్నా ఈ అంకె ముఖ్యం, ఎందుకంటే పాదాలు ఉండేది దాదాపు ఈ బోల్టుల మీదే. బిడ్డను సిమెంటు గచ్చు మీద చెప్పులు లేకుండా రెండు మూడుసార్లు ఎగిరి దూకమని, మోకాళ్లు కొద్దిగా వంచి హాయిగా నిలబడినచోట సుద్దముక్కతో పాదాల నడిమి గీతలు గీసి, టేపుతో కొలిస్తే వచ్చే దూరానికి దగ్గరగా వీల్‌బేస్ ఉండాలి. అయిదడుగుల లోపు ఎత్తున్న పిల్లల్లో ఎక్కువమందికి ఇది సుమారు 14.5 నుంచి 16 అంగుళాల మధ్య, చెక్క పొడవు 27 నుంచి 30 అంగుళాల మధ్య సరిపోతుంది. పదిహేడు అంగుళాలు దాటిన వీల్‌బేస్ మీద పొట్టి పిల్లలు కాళ్లు మరీ చాపి నిలబడవలసి వచ్చి, మోకాలు వంచే వీలు పోగొట్టుకుంటారు. మోకాలు వంగని చోట పంపింగ్ లేదు. ఏ కాలు ముందుండాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవచ్చు. ఎడమకాలు ముందు పెట్టేవారిని రెగ్యులర్ అనీ, కుడికాలు ముందు పెట్టేవారిని గూఫీ అనీ అంటారు, రెండూ సమానమే, చేతివాటంలా బిడ్డ ఒంటిని బట్టి వచ్చేదే గాని దిద్దవలసిన తప్పు కాదు. చెక్క విషయానికొస్తే ఏడు పొరల మేపుల్ చెక్క అయితే చాలు. బొమ్మల దుకాణాల్లో దొరికే పొట్టి ప్లాస్టిక్ బోర్డులు, రెండే చక్రాలతో నడుమ మెలితిరిగే క్యాస్టర్ బోర్డులు సర్ఫ్‌స్కేట్లు కావు. అంగడివారు వాటినీ ఆ పేరుతోనే చూపించడం కద్దు.

చక్రం దగ్గరికి వచ్చేసరికి సబ్బవరం నేల మాట్లాడుతుంది. నగర స్కేట్‌పార్కుల్లో నునుపు కాంక్రీటు మీద వాడే చక్రాలు 50 నుంచి 54 మిల్లీమీటర్ల వ్యాసంతో చిన్నవి, గట్టివి. గట్టిదనాన్ని డ్యూరోమీటర్ అనే కొలతతో చెబుతారు. ఆ చక్రాలు సుమారు 99ఎ ఉంటే, సర్ఫ్‌స్కేట్ చక్రాలు 78ఎ నుంచి 82ఎ వరకు, అంటే బాగా మెత్తగా, 60 నుంచి 70 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉంటాయి. వెంచరు తారురోడ్డు మీద పై పూత ఊడి చిప్స్ అక్కడక్కడా లేచి ఉంటాయి. సీసీ రోడ్డు మీద మేస్త్రీలు జారకుండా గీసిన చీపురు గీతలూ, ముక్కకూ ముక్కకూ మధ్య వదిలిన సందులూ ఉంటాయి. వాన వెలిసిన మర్నాడు ప్లాట్లలోని ఎర్రమట్టి రోడ్డు మీదికి కొట్టుకొచ్చి పలుచగా ఆరి ఉంటుంది. గట్టి చిన్న చక్రం బఠాణీగింజంత కంకర పలుకును తగిలినా టక్కున ఆగిపోతుంది, బోర్డు ఆగినచోట బిడ్డ ఆగదు. మెత్తటి పెద్ద చక్రం దానిని మింగి దాటుతుంది. అందువల్ల ఇక్కడి పిల్లలకు 65 మిల్లీమీటర్లకు తగ్గని, 78ఎ దగ్గరి చక్రం కోరుకోవాలి. దాని వల్ల కొంత వేగం తగ్గినా నష్టం లేదు. చక్రం పెద్దదైనప్పుడు మలుపులో అది చెక్కకు రాసుకోకుండా ట్రక్కుకూ చెక్కకూ మధ్య ఎత్తుబిళ్ల ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. రాసుకున్న చక్రం కంకరకు మించి పడదోస్తుంది.

నేల ఎంపికలో పట్టుదల అవసరం. సర్ఫ్‌స్కేట్ చదును నేల మీది ఆట. ముందు ట్రక్కు అంత సులువుగా తిరుగుతుంది గనుక వాలు మీద వేగం పుంజుకుంటే బోర్డు అటూ ఇటూ వణికి పడేస్తుంది. కొండవాలు రోడ్లు, వంతెన దిగుడు, అన్నిటికీ మించి జాతీయ రహదారి సర్వీసు రోడ్డు దీనికి పనికిరావు. ఊరి లోపలి సిమెంటు రోడ్లు కోతల కాలంలో ధాన్యం, చోళ్లు ఆరబోసే కళ్లాలవుతాయి, ఆ పని ముందు ఆట ఆగవలసిందే. బడిలోని బాస్కెట్‌బాల్ కోర్టు, పెళ్లిళ్లు లేని రోజున కల్యాణమండపం ముందరి గచ్చు, అనుమతి తీసుకున్న వెంచరు లోపలి రోడ్డు మంచివి. ఎండాకాలం మధ్యాహ్నాలు తారు వేడికి ఎవరూ నిలవలేరు, వానాకాలంలో తడి నేల మీద మెత్తటి చక్రం సైతం జారుతుంది, కాబట్టి ఈ ప్రాంతంలో ఆటకు అసలైన కాలం కార్తికం నుంచి మాఘం దాకా, ఉదయమూ సాయంత్రమూ.

వయసు విషయంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాట స్పష్టమైనది: అయిదేళ్లలోపు పిల్లలను స్కేట్‌బోర్డు ఎక్కించకూడదు, ఆరు నుంచి పదేళ్ల వారిని పెద్దలు దగ్గరుండి చూసుకోవాలి. సర్ఫ్‌స్కేట్ మామూలు బోర్డు కన్నా చంచలమైనది గనుక ఎనిమిదేళ్లకు ముందు తొందరపడకపోవడం వివేకం. హెల్మెట్ కోసం ఇంట్లో ఉన్న బైకు హెల్మెట్ తొడిగితే అది బిడ్డ మెడకు బరువు, చూపుకు అడ్డు. సైకిళ్లకు, స్కేట్లకు ఉద్దేశించిన ఈఎన్ 1078 గుర్తుగానీ, స్కేట్‌బోర్డింగ్‌కు ఉద్దేశించిన ఏఎస్‌టీఎం ఎఫ్1492 గుర్తుగానీ ఉన్న తేలిక హెల్మెట్ కావాలి. పడేటప్పుడు చేయి ఊతగా చాపడం మనిషి సహజగుణం, కనుక ఈ ఆటలో ముందు దెబ్బతినేది మణికట్టు. మోకాలి తొడుగుల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా గట్టి పట్టీ ఉన్న మణికట్టు తొడుగు మీద పెట్టాలి. బూట్లకు కొత్త ఖర్చు అక్కరలేదు. డ్రిల్లు పీరియడుకు వేసుకునే చదును అడుగు తెల్ల కాన్వాస్ బూట్లు, వంపు తిరిగిన మందపాటి అడుగున్న పరుగు బూట్ల కన్నా బోర్డును బాగా పట్టుకుంటాయి. బోర్డు మీద ఐరోపా ప్రమాణం ఈఎన్ 13613 ప్రస్తావన ఉంటే తరగతి కూడా చదవాలి; ఎ తరగతి 100 కిలోల వరకు, బి తరగతి 50 కిలోల వరకు మోయడానికి ఉద్దేశించినవి. పిల్లలకు బి సరిపోతుంది గాని, తొక్కి చూద్దామని ముచ్చటపడే తండ్రులకు అది వర్తించదు.

పేరున్న విదేశీ సర్ఫ్‌స్కేట్ అమెరికాలోనే రెండు వందల డాలర్లకు పైబడిన వస్తువు, ఇక్కడికి చేరేసరికి సుంకమూ రవాణా కలిసి ఇంకా పెరుగుతుంది. అందుకే అక్కడి నుంచి సెలవులకు వచ్చే బంధువుల పెట్టెలో ఒక బోర్డు తెప్పించుకునే ఆలోచన తెలుగు ఇళ్లలో సహజం. అలా తెప్పించుకునేటప్పుడు బిడ్డ ఎత్తు, బరువు, పాదాల మధ్య దూరం ముందుగా రాసి పంపి, అదనంగా ఒక జత మెత్తటి బుష్‌లు కూడా తెమ్మనడం మరవకూడదు. మూడు కిలోలకు మించే ఆ బోర్డు తిరిగి పంపేందుకు మరో ఏడాది ఆగవలసి వస్తుంది మరి. చవక దారి ఇంకొకటి ఉంది: మామూలు స్కేట్‌బోర్డు కొని, దానికి మెత్తటి పెద్ద చక్రాలు వేయించి, ట్రక్కులు వదులు చేసి ఒక శీతకాలం ఆడనివ్వడం. పంపింగ్ పూర్తిగా రాకపోయినా నిలబడడం, వాలడం, పడడం వస్తాయి, ఆ తరువాత కొనే సర్ఫ్‌స్కేట్ మూలన పడదు. చాలా ఇళ్లకు ఇదే తగిన దారి.

కొన్నాక పని బేరింగులది. చక్రం లోపల తిరిగే ఈ ఉక్కు చట్రాలు 608 అనే ప్రామాణిక కొలతవి. లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. ఆ అంకె చెబితే స్కేటింగ్ దుకాణం కాకపోయినా బేరింగుల దుకాణంలో అర్థమవుతుంది. వాటి మీద ఏబెక్ అనే పేరుతో వేసే 5, 7, 9 అంకెలు తయారీలోని కచ్చితత్వానికి గుర్తులు, వేగానికి కావు, పిల్లల బోర్డుకు ఆ అంకెల కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ. ఎర్రమట్టి పొడి, తడి వీటికి శత్రువులు. చక్రాన్ని వేలితో తిప్పితే గరగరమంటే విప్పి, ఆల్కహాల్ ద్రవంలో కడిగి, పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయాలి. కొబ్బరినూనె వేసేవారూ ఉన్నారు, అది పుష్యమాసపు తెల్లవారుజామున చక్రంలోనే గడ్డకడుతుంది. పనిముట్ల విషయంలో ఒక చిక్కు ఉంది: ఇరుసు నట్లు అరంగుళం కొలతవి గనుక బైకు మెకానిక్కు దగ్గరి 13 నంబరు స్పానరు పట్టుకుంటుంది, కింగ్‌పిన్ నట్టు మాత్రం తొమ్మిది బై పదహారు అంగుళం, 14 స్పానరు దానికి ఎక్కదు, 15 వదులై అంచులు అరగదీస్తుంది. బోర్డుతో పాటు దాని స్పానరు కూడా కొనుక్కోవడమే సుఖం.

ఇక ఈ ఆట ఎక్కడికి తీసుకుపోతుందన్న ప్రశ్న మన తల్లిదండ్రులు అడగక మానరు, సర్టిఫికెట్ వస్తుందా అన్నది దాని అసలు రూపం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో స్కేట్‌బోర్డింగ్, సర్ఫింగ్ రెండూ ఆ క్రీడల్లో చేరి, వీధి స్కేట్‌బోర్డింగ్‌లో జపాన్‌కు చెందిన మొమిజి నిషియా పదమూడేళ్లకే స్వర్ణం గెలిచినా, సర్ఫ్‌స్కేట్ అనే అంశం ఒలింపిక్స్‌లో లేదు. పతకాల దారి కావాలంటే తెలుగువారికి రోలర్ స్కేటింగ్‌లో పాత బాట ఉంది. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు సాధించి, 2015లో అర్జున అవార్డు అందుకున్న అనూప్‌కుమార్ యామ ఆ బాటలో వచ్చినవాడే, విశాఖ వుడా పార్కు రింకులో పిల్లలు నేర్చుకునేదీ ఆ విద్యే. అలల వైపు వెళ్లాలంటే మరో ఉదాహరణ తమిళనాడులోని మహాబలిపురం. అక్కడి జాలరిపేటలో చిన్ననాడు చెప్పులు లేకుండా స్కేట్‌బోర్డు తొక్కి ప్రపంచం కంటపడిన కమలీ మూర్తి తరువాత సర్ఫింగ్‌లోనూ పేరు తెచ్చుకుంది, ఆమె మీద వచ్చిన లఘు డాక్యుమెంటరీ పేరు కూడా కమలీ. విశాఖ వైపు రుషికొండ తీరంలో సర్ఫింగ్ నేర్పేవారున్నారు గాని, ఈ తీరపు అలల లాగుడు తెలిసినవారెవరూ ఈత రాని బిడ్డను బోర్డు మీద నమ్మకం పెట్టుకుని నీటిలోకి పంపరు. సబ్బవరం వెంచరులో రెండు శీతకాలాలు పంపింగ్ చేసిన పిల్లకు అల మీద మలుపు తొందరగా పట్టుబడవచ్చు, ఈతను మాత్రం వేరే నేర్చుకోవాలి, దానికి ముందే నేర్చుకోవాలి.